తలుపు తిరిగిన ఇల్లు

నేను ఒక పెంకుటిల్లుని. తెనాలి పక్క పల్లెలో, కాలవగట్టు దగ్గర ఉంటాను. ఉంటాను అంటే నిలకడగా ఉంటాననుకునేరు. పునాదులు కదల్లేదు గానీ నా వీధి తలుపు మాత్రం గోడగోడకీ తిరిగింది. మీ నోరు తీసి కొన్నాళ్ళు చెవి దగ్గరా, కొన్నాళ్ళు మెడ వెనకా పెడితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. అన్నం తినబుద్ధేస్తుందా?

నన్ను కట్టించింది నాగభూషణం గారు. తలుపెక్కడ పెట్టాలని ఆయన ఎవర్నీ అడగలేదు. ఖాళీ స్థలంలో నులకమంచం వేసుకుని పడుకుని చూశాడు. గాలి తూర్పునించి, వీధివైపునించి వచ్చింది. "ఇక్కడ పెట్టండ్రా" అన్నాడు. టేకు తలుపు, దాని మీద వరసగా ఇత్తడి పువ్వులు. బిగించేటప్పుడే ఒక పువ్వు ఊడి ఇసకలో పడింది, మళ్ళీ దొరకలేదు. ఆ తలుపులోంచి తిరుగుతూ ఆయన తొంభై ఏళ్ళు బతికాడు. అది ఆయన తిన్న తిండి గొప్పన్నారు. ఆయన కొడుక్కి నలభైల్లోనే బీపీ వచ్చింది. అది నా తప్పన్నారు.

ఆ కొడుకు పానకాలరావు. ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. భూమి గుండ్రంగా ఉందని పిల్లలకి చెప్పి, ఇంటికొచ్చి ఈశాన్యం ఎక్కడుందో వెతుక్కుంటాడు.

ఆయన అక్క రత్తమ్మ నాలోనే పుట్టింది. మొగుడు పోయాక మళ్ళీ నాలోకే వచ్చింది. తరవాత కళ్ళు కూడా పోయాయి. అయినా తెల్లారగానే లేచి, గోడ పట్టుకుని, బియ్యం డబ్బా దాటి, తలుపు మీద చెయ్యేసేది. పువ్వు లేని చోట వేలు పెట్టి, ఆ పైనున్న గడియ తీసి అరుగు మీద కూచునేది. "ఏరా, పాలల్లో నీళ్ళు తగ్గించావా?" అని ఆవిడ పాలవాణ్ణి పలకరిస్తే గానీ మా వీధి మొదలయ్యేది కాదు. అడుగుల చప్పుడుని బట్టి మనిషిని చెప్పేది.

"ఒకరి చెయ్యి పట్టుకోకుండా బయటికెళ్ళినన్నాళ్ళే నేను మనిషిని. ఆ తరవాత సామాను" అనేది.

ఇంతలో పానకాలరావుకి ప్రమోషన్ రాలేదు. దానికి రాయాల్సిన పరీక్షకి ఆయన వెళ్ళలేదు. ఆ సంగతి వాస్తు చూడవచ్చిన సిద్ధాంతి గారు అడగలేదు. "వీధిపోటు మాస్టారూ! ఎదుటి సందు సూటిగా మీ గుమ్మంలోకే దూసుకొస్తోంది" అన్నాడు. తలుపు ఉత్తరానికి వెళ్ళింది. మర్నాడు రత్తమ్మ ఎప్పట్లాగే చెయ్యి చాపింది. చేతికి పచ్చి సిమెంటు అంటింది.

"అలవాటైపోద్దిలే అక్కా."

"ఎవరికిరా, గోడకా?"

అరుగు అక్కడే ఉంది, దానికి దారే లేదు. మోచేతులు గీరుకుంటూ, ఆ వానాకాలమంతా తిరిగి ఆవిడ ఉత్తరపు తలుపు నేర్చుకుంది. అటు బయట పక్కింటి వాళ్ళ పేడదిబ్బ. పలకరించడానికి గేదె ఉండేది.

మాస్టారికి షుగరొచ్చింది. బొబ్బట్లు మానమని డాక్టరన్నాడు. తలుపు మార్చమని రెండో సిద్ధాంతి అన్నాడు. తలుపు మార్చడం సులువు. ఈసారి పడమర, పెరట్లోకి. చుట్టాలు బాత్రూం పక్కనించి ఇంట్లోకి వచ్చేవాళ్ళు. "కాళ్ళు కడుక్కోవడానికి వీలుగా ఉందండీ" అని మాస్టారి భార్య స్వరాజ్యం వాళ్ళకి నచ్చజెప్పేది. రత్తమ్మ మళ్ళీ మొదటినించీ నేర్చుకుంది. కానీ ఈసారి ఎక్కువ మాట్లాడలేదు.

తరవాత మాస్టారి కొడుకు ఇంటరు తప్పాడు. "తప్పింది నేను నాన్నా, తలుపు కాదు" అని వాడే చెప్పాడు. ఈ ఇంట్లో నిజం చెప్పింది వాడొక్కడే, కాబట్టి వాణ్ణి తిట్టారు. మూడో సిద్ధాంతి వచ్చి తలుపుని వేలితో కొట్టి చూసి, "దోషం గోడలో కాదు, ఈ చెక్కలో ఉంది" అని తేల్చాడు. దాంతో పడమటి గుమ్మం పూడ్చేశారు. ఈశాన్యంలో గోడ పగలగొట్టి, కొత్త తలుపు వచ్చేదాకా గోనెపట్టా కట్టారు. పాత తలుపుని తెచ్చి పూడ్చిన గోడకే చేరేశారు.

రత్తమ్మకి చెప్పడం ఎవరికీ గుర్తులేదు.

తెల్లారి ఆవిడ లేచి, గోడ పట్టుకుని వచ్చింది. తలుపు తగిలింది. పువ్వు లేని చోట వేలు పెట్టి చిన్నగా నవ్వింది. గడియ పట్టుకుని లాగింది. చేరేసిన తలుపు ఎటు తెరుచుకుంటుంది? ఆవిడ మీదికే ఒరిగింది. నా దూలాలన్నీ బిగుసుకుపోయాయి. గోడలు నాలుగున్నాయి గానీ పట్టుకోవడానికి నాకు చెయ్యి ఒక్కటీ లేదు. ఈమధ్యే ఇటు జరిపిన బియ్యం డబ్బాకి తగిలి తలుపు ఆగింది.

రత్తమ్మకి దెబ్బ తగల్లేదు. తలుపు వెనక్కి చెయ్యి చాపింది. గోడ. ఇంకొంచెం పక్కకి. అక్కడా గోడే. అరవలేదు, మామూలుగా అడిగింది.

"ఒరే పానకాలూ, వీధి ఎటు పెట్టావురా?"

నోట్లో బ్రష్షుతో వచ్చిన పానకాలరావు అక్కడే నిలబడిపోయాడు. నురగ చొక్కా మీద పడుతున్నా తుడుచుకోలేదు.

కాసేపటికి తాపీమేస్త్రీ సైదులు పనిలోకి వచ్చాడు. "ఈ తలుపు ఏం చేద్దాం మాస్టారూ?"

"బిగించు."

"ఏ దిక్కున?"

మాస్టారు రత్తమ్మని మంచం మీద కూచోబెట్టాడు. "అక్కా, ఏమీ ఆలోచించకు. లేచి అరుగు మీదికెళ్ళు."

ఆవిడ లేచింది. ఉత్తరానికి వెళ్ళలేదు, పడమటికి వెళ్ళలేదు. చెయ్యి తిన్నగా తూర్పు గోడ మీద పడింది. అక్కడ రెండుసార్లు సున్నం కొట్టి, పైన క్యాలెండరు కూడా తగిలించారు.

"అదిగో, అక్కడ" అన్నాడు మాస్టారు.

"ముహూర్తం చూడక్కర్లేదా అండీ?" అంది స్వరాజ్యం.

"చూసే ఆవిడ చూసింది."

ఈశాన్యపు కంత పూడ్చి, తలుపు తూర్పుకి వచ్చి ఏడాదవుతోంది. బీపీ అంతే ఉంది. షుగరు అంతే ఉంది. కొడుకు మళ్ళీ తప్పాడు. వీధి మాత్రం టైముకి మొదలవుతోంది.

అయినా నాకు నిద్ర పట్టదు. మొన్న స్వరాజ్యం తమ్ముడు వచ్చి, నట్టింట్లో నిలబడి ఫోనులో దిక్సూచి పెట్టి అటూ ఇటూ తిప్పాడు. నా పెంకులు గలగలమన్నాయి.

"బావా, నీకు మోకాళ్ళ నొప్పులు ఎందుకొస్తున్నాయో తెలుసా? ఈ తలుపు..."

"గట్టిగా అనకురా! అక్క అరుగు మీదే ఉంది, వింటది."

"విన్నానురా" అంది రత్తమ్మ బయటినించి. "వచ్చిన దారినే పొమ్మను."

అతను వెళ్ళాడు. ఆ తలుపులోంచే.