బిగించిన మూత

దారిపక్క హోటల్లో గెంగ్ రెండో గుద్దుకి బట్టతల లారీ డ్రైవరు ముక్కు పగిలి, రక్తం నూడుల్స్ గిన్నెలో పడింది.

“పోయిన మా బావోని తాగుబోతని ఇంకోసారి అను! అనరా!”

“నన్ను కొడతావేంట్రా? పుస్తకంలోనే ఉంది. తెల్లోళ్లు కూడా చదివారంట!”

నలుగురు పట్టి లాగితే గెంగ్ వెళ్లి లారీ ఎక్కాడు. ఆ కోపంలో నీళ్ల ట్యాంకు నింపుకోలేదు. టిబెట్‌లోని లాసా రోడ్డు దిగుడులో చక్రాల మీద నీళ్లు పడకపోతే బ్రేకులు కాలిపోతాయి. ఇన్నేళ్లలో అతను మరిచింది ఇదొక్కసారే.

పక్క సీట్లో ఉన్నది ఆ పుస్తకం రాసిన షూ లాన్. కొత్త యాత్రాపుస్తకం రాయడానికి మళ్లీ ఈ దారి పట్టింది. గెంగ్ ఆమెను ఎక్కించుకున్నది ఒక్క మాట అడగడానికే.

“అమ్మా, బావో తాగి లోయలో పడ్డాడని రాశావు. చూశావా?”

“ముందురోజు అతని లారీలోనే వచ్చాను గెంగ్ అన్నా. సారా వాసన వచ్చింది. సీటు కింద సీసా కూడా ఉంది.” కాస్త గర్వంగానే అంది, “పుస్తకం ఫ్రెంచిలోకి వెళ్తే, అక్కడివాళ్లకి బాగా నచ్చింది ఆ పేజీయే. వాళ్ల గొప్ప యాత్రికుల సరసన కూర్చోబెట్టారు నన్ను.”

“వాడి కూతురు గోడ మీంచి తండ్రి ఫొటో తీసేసింది, ఆ పేజీ చదివి.”

కనుమ దగ్గర గెంగ్ లారీ ఆపి, సీటు కింది సీసా తీసి, మూతెడు సారా రోడ్డు మీద పోశాడు. మూత మళ్లీ బిర్రుగా బిగించాడు.

“ఈ దారిలో పోయినోళ్లకి. డ్రైవర్లమందరం పోస్తాం, బావో కూడా పోసేవాడు. బండి మీదుండగా ఎవడూ తాగడు.”

షూ లాన్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

“సరిచేసి రాస్తాను.”

“అన్ని భాషల్లోనూ?”

“అన్నిట్లోనూ.”

ఆ ఉదయం నుంచి గెంగ్ నవ్వింది అప్పుడే.

దిగుడులో చక్రాలు పొగలు కక్కాయి. నీళ్ల మీట నొక్కితే ఉత్త గాలే బుసకొట్టింది. బ్రేకు తొక్కితే కాలు నేలకు తగిలింది.

“నా బుద్ధి గడ్డి తింది!”

కుడివైపు లోయ; ఎడమవైపు, గెంగ్ కూర్చున్న వైపు, కొండ. తలుపు తీసి దూకితే అతనొక్కడూ బతికేవాడేమో. “వంగు!” అని అరిచి, స్టీరింగు కొండకేసి, తనవైపుకి తిప్పేశాడు. ఇనుము చీలింది. స్టీరింగు అతని రొమ్ములో దిగింది.

“అన్నిట్లోనూ” అన్నాడు మెల్లగా. అంతటితో ఊపిరి ఆగిపోయింది.

వచ్చిన పోలీసు, సారాతో తడిసిన గెంగ్ ప్యాంటు వాసన చూసి మొహం చిట్లించాడు. “తాగి నడిపాడన్నమాట.”

షూ లాన్ నెత్తురోడుతున్న చేత్తో పోలీసు మణికట్టు పట్టుకుంది. “అలా రాయకండి. దయచేసి అలా రాయకండి.”

సీటు కింద సీసా ముక్కలైంది. విరిగిన సీసా మెడకి ఎర్రమూత, గెంగ్ బిగించినట్టే బిర్రుగా ఉంది.