మీకు నచ్చిన నిశ్శబ్దం

చేసింది మీరే. నా భర్త వియొరెల్, నా అత్తగారు పరస్కీవా. ఇవాళ ఈ వంటింట్లో ఇంత నిశ్శబ్దంగా ఉందంటే అది మీ ఇద్దరి పనే.

నా గుండెలో లోహపు కవాటం ఉంది. టిక్కుటిక్కుమంటుంది. దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర మింగాలి, నెలనెలా పట్నం వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆపరేషనై ఇంటికొచ్చిన నాడే మా ఆయన తన మంచం అవతలి గోడకు జరుపుకున్నాడు. "గోడగడియారంతో కాపురం చేస్తున్నట్టుంది. నోరు మూసుకుని పడుకోవే, కాస్త చప్పుడు తగ్గుతుంది" అన్నాడు. బట్టలు కుట్టే కార్ఖానాలో సూపర్‌వైజరమ్మ "ఒంట్లోనే గడియారం పెట్టుకుని లేటుగా వస్తావేం స్మరాండా?" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. పని పోతుందని నేనూ నవ్వేదాన్ని.

ఈస్టరు ముందు ఉపవాసాలు వచ్చాయి. మాంసం, గుడ్డు, పాలు బంద్. మంచు కరగ్గానే కంచెల వెంట దురద ఆకు మొలుస్తుంది. రక్తాన్ని శుభ్రం చేస్తుందని మా వాళ్ళ నమ్మకం. చేతులు మండిపోతుండగా కోసేదీ, ఉడికించి వెల్లుల్లితో మెదిపేదీ, మొక్కజొన్న సంకటి పక్కన వడ్డించేదీ నేనే. మిగిలింది గిన్నె ఖాళీ అయ్యేదాకా తినాల్సిందీ నేనే.

"ఆకుకూర ఉన్నట్టుండి ఎక్కువ తింటే మాత్ర పనిచేయదని డాక్టరు చెప్పారత్తయ్యా" అన్నాను.

"రక్తం పలచన చేసే మాత్ర కావాలి, శుభ్రం చేసే ఆకు వద్దా? దేవుడు మొలిపించినదానికి వంకలు పెడతావా? తిను."

ఆ దేవుడి ఉపవాసం కొడుక్కి లేదు. బరువులు మోసేవాడని మాంసం సాసేజి. పరీక్షకు వెళ్ళొస్తానంటే ఆ కొడుకు "పండక్కి గోడలకు సున్నం నీ డాక్టరొచ్చి వేస్తాడా?" అన్నాడు. నా చేతి సున్నంతో గోడలన్నీ తెల్లబడ్డాయి. పరీక్ష ఆగిపోయింది.

ఇవాళ పొద్దున నేలమాళిగ నుంచి బంగాళాదుంపలు తెస్తుంటే మెట్ల మీదే ఊపిరి అందలేదు. వచ్చి కుర్చీలో కూలబడ్డాను. మా పిల్లి నా చప్పుడుకు బెదిరి ఎన్నడూ దగ్గరకు రాదు. అలాంటిది నా ఒళ్ళోకి ఎక్కి, రొమ్ముకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుంది.

"ఏమే, నీ గడియారం ఆగిందా? ఇల్లు ఎంత హాయిగా ఉందో!" అన్నాడు మా ఆయన.

అత్తగారు శిలువ గుర్తు వేసుకుంది. "చెప్పలా? ఆకు పనిచేసింది. పిల్ల బాగుపడింది."

నోరు తెరిచి విన్నాను. తెరిచిన నోట్లోంచి ఎప్పుడూ గట్టిగా వినబడే టిక్కు రాలేదు. ఎక్కడో లోపల, బొంత కప్పుకుని ఎవరో తలుపు కొడుతున్నట్టు మెత్తటి అదురు. కవాటం మీద ఏదో పేరుకుంటోంది. నేను బతికుండగానే మీరిద్దరూ ఆ నిశ్శబ్దానికి సంతోషిస్తున్నారు.

పిల్లిని దించాను. నేనే అంబులెన్సుకు ఫోన్ చేశాను. బయల్దేరారు.

వియొరెల్, లేచి గేటు తెరువు. కుక్కను కట్టెయ్. అత్తయ్యా, ఏడుపు తర్వాత. వాళ్ళొచ్చేసరికి నాకు స్పృహ ఉండకపోవచ్చు. నాకు తినిపించిన ఆకు సంగతీ, మాన్పించిన పరీక్ష సంగతీ మీ నోళ్ళతో మీరే అంబులెన్సులో వచ్చే డాక్టరుకు చెప్పాలి. దాచకుండా చెప్పండి. రండి, ఇప్పుడు నా ముందు ఒకసారి చెప్పండి, వింటాను.