జవాబు కోసం ఆగని పరీక్ష

గోపీచంద్ పోయిన రోజు హోసూరులో మంచు తెరలా దిగింది. ఎరువుల అంగడి పైనున్న చిన్న ఆఫీసుకు పవిత్ర ముందుగా వచ్చి, అతని కుర్చీ తుడిచి పెట్టింది. పదింటికి ఫోను వచ్చింది. కృష్ణగిరి దారిలో అతని బైకును లారీ గుద్దిందట. అది 2007 నవంబరు.

ఆఫీసులో ఉండేది వాళ్లిద్దరే. గులాబీ తోటల్లో కోసిన పూలు దాచే కోల్డ్ రూములను కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రామును పైథాన్ అనే కంప్యూటరు భాషలో రాశారు. ప్రతి గదిలో ఒక చిన్న పెట్టె ఉంటుంది. వేడి ఎంతని ప్రోగ్రాము దాన్ని అడుగుతుంది, కానీ జవాబు కోసం కాచుకుని కూర్చోదు. ఈలోగా ఇంకో గదిని పలకరిస్తుంది. ముప్పై సెకన్లలో పెట్టె పలకకపోతే రైతు ఫోను మోగాలి. అవన్నీ సరిగ్గా జరుగుతున్నాయో లేదో చూసే టెస్టులు గోపీచంద్ రాశాడు. గుంటూరు మనిషి. "మీ ఊళ్లో టెస్టులు పాసవ్వవు, 'పాసైపోతాయినాయి' కదూ?" అని, పవిత్ర హోసూరు యాసలో లేని మాట పుట్టించి మరీ ఆమెను ఏడిపించేవాడు.

జనవరి చివర్లో గులాబీ రైతు వెంకటరామప్ప మెట్లెక్కి వచ్చాడు.

"ఏమ్మా, మీ కంప్యూటరు నిద్రపోయిందా? నిన్న పెట్టె ఆరిపోయింది. నా ఫోను కిక్కురుమనలేదు. ఏదో పనిమీద ఆడికి పోయినాను కాబట్టి పూలు దక్కినాయి."

"టెస్టులన్నీ పాసే చూపిస్తా ఉండాయప్పా."

"పాసైనోళ్లు నాకెందుకమ్మా, ఫోను మోగల్ల. గురువారం ముప్పై వేల పూలు లారీలో పోవల్ల. ఈ తూరి నేను ఆడ ఉండను."

అతను వెళ్లాక పవిత్ర మళ్లీ నడిపి చూస్తే నలభై ఒక్క టెస్టులు అర సెకనులో పాసయ్యాయి. పెట్టె పలకని టెస్టు ముప్పై సెకన్లు ఆగాలి కదా, అర సెకనులో ఎలా ముగిసింది? ఆ ఫైలు గోపీచంద్‌ది. అతను పోయాక పవిత్ర అందులో ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

సాయంత్రం అమ్మకు చెప్పింది. మంజులమ్మ ఎలిమెంటరీ స్కూలు టీచరు.

"హాజరు పిలిచి, పిల్లోళ్లు పలికేలోపే టిక్కులు కొట్టేసినట్టుందే," అంది అమ్మ. "ఒకసారి నేనూ అట్లే చేసినాను. తలెత్తి చూస్తే బెంచీలు ఖాళీ."

మరునాడు కూడా మంచే. ఫైలు తెరిస్తే ఒకే ఒక్క మాట తక్కువైంది, రిటర్న్. 'జవాబు ఇంకా రావాలి, ఆగు' అన్న చీటీని టెస్టు తనను నడిపే ప్రోగ్రాము చేతికి తిరిగి ఇవ్వలేదు. అందుకే అది ఆగలేదు, పాసని రాసేసి వెళ్లిపోయింది. ఆ మాట చేరిస్తే గోపీచంద్ పేరున్న ఫైలు ఫెయిలని ఎర్రబడుతుంది. పవిత్ర చాలాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కోల్డ్ రూములో కళ్లు మూసుకున్న మొగ్గలు గుర్తొచ్చాయి. ఆ మాట చేర్చింది.

ఈసారి టెస్టు ఆగింది. ముప్పై సెకన్లు దాటాయి. నిమిషమైంది. కిటికీ అవతల రోడ్డు లేదు, తెల్లదనం మాత్రమే ఉంది. అందులోంచి ఎవరో మెట్లెక్కి వస్తారన్నట్టు ఆమె తలుపు వైపు చూసింది. రెండో నిమిషం నిండి, టెస్టుకిచ్చిన గడువు తీరాక తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి.

తప్పు చిన్నదే. పెట్టెతో లైను కలిశాకే ముప్పై సెకన్ల లెక్క మొదలవుతోంది. ఆరిపోయిన పెట్టెతో లైను ఎప్పటికీ కలవదు. లైను కలవకముందే లెక్క మొదలయ్యేలా ఒక వరుసను పైకి జరిపింది. ఊరికే కాచుకోకుండా టెస్టుకు ఒక ఉత్తుత్తి గడియారం పెట్టింది. మనం తిప్పితేనే అది తిరుగుతుంది. ముప్పై సెకన్లు ముందుకు తిప్పింది. పాసైంది. వెనక్కి తిప్పే వీలు దానికి లేదు.

బుధవారం వెంకటరామప్ప పరీక్షించి చూద్దామని తన చేత్తోనే పెట్టె వైరు పీకాడు. కాసేపటికి ఆఫీసు ఫోను మోగింది.

"మోగిందమ్మా! నా జేబు అదిరిపాయె!"

గురువారం పూలు చల్లగా లారీ ఎక్కాయి.

ఫైలు చివర గోపీచంద్ పెట్టి వదిలేసిన టెస్టు పేరు ఇంకొకటి ఉంది: ఇక రాదనుకున్నాక జవాబు వస్తే. దాని కింద ఏమీ లేదు. ఖాళీది కాబట్టి అదీ పాసవుతూనే ఉంది.

ఆ టెస్టు పవిత్ర ఇంకా రాయలేదు.