మరుగుదొడ్డికి తాళం

మగవాళ్లు యుద్ధానికి వెళ్లాక పంపుల ఫ్యాక్టరీలో లేత్ మిషన్లన్నీ ఆడవాళ్ల చేతికొచ్చాయి. అలా చేరిన వాళ్లలో ఆమె ఒకతె. మొదట్లో ఇనప రజను కళ్లలో పడి ఏడ్చేది. తర్వాత మిషను చప్పుడు వినే ఎక్కడ తేడా వచ్చిందో చెప్పేసేది. తోటివాళ్లు ‘లేతక్క’ అని పేరు పెట్టారు. “ఇంత ముదురుదాన్ని పట్టుకుని లేతంటారేమే!” అని తనూ నవ్వేది.

యుద్ధం ముగిసింది. ఒక సోమవారం పొద్దున ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం కనిపించింది.

“రిపేరమ్మా, కాస్త ఓర్చుకోండి,” అన్నాడు సూపర్‌వైజరు.

రిపేరుకి ఎవరూ రాలేదు. ఆడవాళ్లు మంచినీళ్లు తాగడం మానేశారు.

ఇంట్లో ఈ మాట చెబితే, కూర తరుగుతున్న అత్తగారి చెయ్యి ఆగిపోయింది.

“మా నూలు మిల్లులోనూ ముందు దానికే తాళం వేశారు. తర్వాత పిల్లల గదికి. ఎవర్నీ పొమ్మనలేదు. మేమే మానేశాం.”

“ఆ రోజులు వేరు అత్తయ్యా.”

“మా అమ్మతో నేనూ అదే అన్నాను.”

వారం తిరక్కుండానే ఫ్యాక్టరీలో పిల్లల్ని ఉంచే గదిలో చెక్కపెట్టెలు పేర్చేశారు. చంటిపిల్లల తల్లులు ఒక్కొక్కరే రావడం మానేశారు. ఈలోగా యుద్ధం నుంచి మరిది తిరిగొచ్చాడు. పని నేర్పమని అతన్ని తెచ్చి ఆమె మిషను దగ్గరే నిలబెట్టారు.

“నేను అడగలేదు వదినా,” అన్నాడు, ముఖం చూడకుండా.

“తెలుసు. ముందు ఆ చొక్కా చేతులు పైకి మడుచుకో. మిషను లాగేస్తుంది.”

మొగుడు మాత్రం, “పోనీలే, ఇకనైనా ఇంటిపట్టున ఉండొచ్చు,” అన్నాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పనిలో మిగిలిన ఆడవాళ్లను వెంటబెట్టుకుని సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లింది. అతను మర్యాదగానే లేచి నిలబడ్డాడు. “మిమ్మల్ని ఎవరు పొమ్మన్నారమ్మా?” అన్నాడు. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. ఆమె మారు మాట్లాడకుండా ఇనపకడ్డీ తెచ్చి తాళం పగలగొట్టింది. ఆడవాళ్లు ఈలలు వేశారు.

తెల్లారి వచ్చేసరికి తాళం లేదు. తలుపూ లేదు. ఖాళీ ద్వారబంధం షెడ్డు వైపు నోరు తెరుచుకుని ఉంది. యుద్ధం నుంచి తిరిగొచ్చి మిషన్ల దగ్గర చేరిన మగవాళ్లు తల ఎత్తలేదు. ఎవరూ నవ్వలేదు. మధ్యాహ్నానికల్లా ఆమె ఏప్రన్ విప్పి మిషను మీద పెట్టి వచ్చేసింది.

నెల తిరిగేసరికి ఫ్యాక్టరీ నుంచి గోనెసంచులు ఇంటికే రావడం మొదలైంది. లేత్ మీద కోసిన ఇత్తడి ముక్కలు. వాటి అంచులు ఆకురాయితో నున్నగా రాయాలి. సంచులు మోసుకొచ్చేది మరిదే. అత్తాకోడళ్లు గుమ్మంలో కూర్చుని పొద్దుగూకేదాకా రాసేవాళ్లు.

ఒకరోజు జనాభా లెక్కల మనిషి వచ్చాడు.

“ఇంట్లో ఉద్యోగం చేసేవాళ్లు?”

“నేనూ, మా తమ్ముడూ,” అన్నాడు మొగుడు.

“ఆడవాళ్లు?”

“ఇంట్లోనే ఉంటారు.”

ఆమె ఆకురాయి ఆపింది. “లేత్ ఆపరేటర్ అని రాయండి.”

“ఇప్పుడు చేయడం లేదుగా అమ్మా?”

“మరి ఇదేమిటి?” ఇత్తడి ముక్క అతని ముఖం ముందు పెట్టింది.

అతను ఇబ్బందిగా నవ్వి పక్కింటికి నడిచాడు. ఆ గుమ్మంలోనూ ఆకురాయి గరగరలాడుతోంది. “ఆడవాళ్లు?” అన్న అతని గొంతు వినిపించింది. తర్వాత ఎవరిదో మగ గొంతు, అదే జవాబు. ఆ తర్వాతి ఇంట్లోనూ అంతే. అత్తగారు తల వంచుకుని ఇంకో ముక్క చేతిలోకి తీసుకుంది.