గాల్కా నాలుగో కాలు

యెరెమెయ్ చంకలోంచి మరో మేకు తీశాడు. ఈ చలిలో ఇనుమును నోట కరిస్తే పెదవి తోలు ఊడొస్తుంది. అందుకే, గుర్రాలు మంచు మీద జారకుండా లాడాలకు కొట్టే మొనతలల మేకులన్నీ పొద్దుటినుంచీ కోటు లోపల చంకలోనే ఉన్నాయి. ఐలావ్ యుద్ధభూమిలో, దిబ్బ కింద మంచు హోరుమంటోంది. ఫ్రెంచివాళ్ళు కనపడరు, వాళ్ళ గుండ్లు మాత్రం తప్పకుండా వస్తున్నాయి. ఇది ఎన్నో గుర్రమో అతను లెక్కపెట్టడం మానేశాడు. నడుం విరిగిపోతోంది.

ఇప్పుడు మోకాలి మీదున్నది గాల్కా గిట్ట. ముసలి నల్ల ఆడగుర్రం. పొద్దున్న రెండుసార్లు జారిపడి ఫిరంగిని ఆపేసింది. ఇంకోసారి పడితే కాల్చి పారెయ్యమని కెప్టెన్ ఆజ్ఞ. దాన్ని తోలే ప్రోఖర్ కళ్ళెం వదలకుండా నిలబడ్డాడు.

"బాబాయ్, తొందరగా కానీ. ఫిరంగి పైకెక్కాలంట."

"తొందరేంట్రా, పెళ్ళికెళ్తున్నావా? కాలు సరిగ్గా పట్టు."

"మన చక్రవర్తీ ఫ్రెంచి చక్రవర్తీ కొట్టుకుంటే, ఉరిమి ఉరిమి మంగళం మీద పడ్డట్టు దీని మీద పడింది. ఇదేం చేసింది పాపం?"

"మనమేం చేశాం?"

యెరెమెయ్ కమ్మరి కొడుకు. పంతొమ్మిదేళ్ళ కిందట పటాలానికి పంపిన రోజు, ఊరి ఆడవాళ్ళు అతన్ని గుమ్మంలో నిలబెట్టి, చచ్చినవాడికి పెట్టినట్టే శోకాలు పెట్టారు. పాతికేళ్ళ కొలువు మరి, వెళ్ళినవాడు తిరిగొచ్చింది లేదు. అందరికంటే గట్టిగా అమ్మే ఏడ్చింది. "నాకోసం ఏడవాల్సిన ఏడుపులు ఎప్పుడో అయిపోయాయిరా" అంటూ ఉంటాడు యెరెమెయ్. పెళ్ళి లేదు, పతకం లేదు. వేల గిట్టలకు లాడాలు కొట్టాడు, అంతే.

మూడు కాళ్ళు అయ్యాయి. వెనకాల గుండు పేలింది. యెరెమెయ్ మెల్లగా పనిముట్ల పెట్టె మీద కూర్చున్నాడు.

"తగిలిందా బాబాయ్?"

"కోటుకి. కాలెత్తించు."

నాలుగో గిట్టను ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక మేకు దిగింది. రెండోదానికి సుత్తి లేవలేదు. అలిసిపోయాడేమో అనుకుని ప్రోఖర్ గాల్కా మెడ మీది మంచు దులిపాడు. రెప్పల మీద పడ్డ మంచును యెరెమెయ్ తుడుచుకోలేదు.

"బాబాయ్!"

గాల్కా అతని ఒళ్ళోంచి కాలు లాక్కోలేదు.

"ఏం చేస్తున్నార్రా అక్కడ? కదలండి!" పైనుంచి కెప్టెన్ కేకేశాడు.

ప్రోఖర్ బావురుమన్నాడు. ఏడుస్తూనే యెరెమెయ్ చేతిలోంచి సుత్తి తీసుకుని, కోటు లోపల చంకలో తడిమాడు. రెండే మేకులు మిగిలాయి. ఒకటి గాల్కా గిట్టలో వంకరగా దిగ్గొట్టాడు. రెండోది తన చంకలో పెట్టుకున్నాడు.

గాల్కా ఆగి ఆగి దిబ్బ ఎక్కింది. జారలేదు. కింద యెరెమెయ్ ఎక్కడ కూర్చున్నాడో మంచులో ఇక కనపడలేదు. ప్రోఖర్ చంకలో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. మేకు ఇంకా వెచ్చగానే ఉంది.