విస్తళ్లు బయట వేయండి

జీపు తలుపు తెరవకముందే శ్రీరమ్య హెల్మెట్ పెట్టుకుంది.

"బిల్డింగు ఇంకా అల్లంత దూరాన ఉంది కదా మేడమ్," అన్నాడు డ్రైవరు రంజాన్.

"ఇక్కణ్ణుంచి నడుస్తాను. నువ్వు జీపు రోడ్డు వైపు తిప్పి పెట్టు."

రెండువేల అయిదు, మార్చి నెల. దర్శి రోడ్డు పక్కన, మిరప కల్లాల నడుమ చలమయ్య కోల్డ్ స్టోరేజీ కట్టిస్తున్నాడు. ప్రభుత్వ సాయంతో లేస్తున్న కట్టడం. స్లాబు వేసిన ప్రతిసారీ ఇంజనీరు వచ్చి చూసి సంతకం చేస్తేనే పై పని మొదలవ్వాలి. ఆ సంతకం కోసమే శ్రీరమ్య ఒంగోలు నుంచి వచ్చింది.

ఆమెది మంగళగిరి. నేతగాళ్ల ఇంటి పిల్ల. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఒకటే అలవాటు. ఏ కట్టడానికి వెళ్లినా ముందు బయటి నుంచి ఒక చుట్టు తిరుగుతుంది. పైన బరువేముందో, కింద దాన్ని ఏది మోస్తోందో చూశాకే లోపల కాలు పెడుతుంది. ఎవరు నవ్వినా ఆ చుట్టు మానదు.

కల్లంలో కాయలు ఎర్రగా ఎండుతున్నాయి. ఘాటుకి ముక్కు మండుతోంది. ఆమె చీర కొంగు మూతికి అడ్డం పెట్టుకుని నడిచింది.

పైన, కొత్త స్లాబు ఆరిపోకుండా దాని మీద మట్టితో మడులు కట్టి నీళ్లు నింపారు. మంచి పనే. కానీ ఆ నీళ్ల పక్కనే పై అంతస్తు గోడలకని ఇటుకలు దొంతర్లుగా పేర్చారు. కింద, స్లాబును మోస్తూ నిలువు కర్రలు, సర్వి బాదులు, అడవిలా నిలబడి ఉన్నాయి.

మధ్యలో మాత్రం అడవి లేదు.

పెళ్లిపందిరంత ఖాళీ. అక్కడ పొడుగు బల్ల, దాని మీద తెల్లటి గుడ్డ, వరసగా కుర్చీలు, అరిటాకులు, తిరుగుతున్న టేబుల్ ఫ్యాను. ఊరి పెద్దమనుషులు నలుగురు కబుర్లు చెప్పుకుంటున్నారు.

"ప్రదక్షిణ అయిందా అమ్మా?" చలమయ్య నవ్వుతూ ఎదురొచ్చాడు. "అయితే రండి, ప్రసాదం రెడీగా ఉంది. నాటుకోడి, గారెలు. మా ఆవిడ తెల్లారుజామున లేచి చేసింది."

శ్రీరమ్య కదల్లేదు. "మధ్యలో బాదులేవండీ?"

"మీ కోసమే తీయించా. పోయినసారి వచ్చిన సారు బాదుల మధ్య వంగి వంగి నడిచి, తలకి ఇంత బొప్పి కట్టించుకున్నాడు. ఊరు ఊరంతా నవ్వింది. నా దగ్గరికొచ్చిన మనిషికి అట్టాంటి అవమానమా? ఈసారి దొరసానిలా కూర్చోబెట్టాలనుకున్నా."

"ఎప్పుడు తీశారు?"

చలమయ్య వెనక్కి తిరిగి చూశాడు. మేస్త్రీ సిలార్ ముందుకొచ్చాడు.

"పొద్దున్నే తీశాం మేడమ్. కాంక్రీటు గట్టిపడింది. సుత్తితో కొట్టి చూశా, ఖంగుమంది."

"వారం కిందట పోసిన స్లాబు, సిలార్. పైన ఖంగుమంటుంది, లోపల ఇంకా పచ్చిదే. సరే, నువ్వు తీసిన బాదుల మీది బరువు ఇప్పుడు ఎవరు మోస్తున్నారు?"

"పక్క బాదులండీ."

"అవి దేని మీద నిలబడ్డాయి?"

ఆమె బయటి నుంచే టార్చి వేసింది. పై మడుల్లోంచి కారిన నీళ్లు కిందికి చేరడంతో నల్లరేగడి నేల బురదగా మారింది. బాదుల కింద పెట్టిన ఇటుకలు కనిపించడంలేదు. ఒక్కొక్క బాదు ఇటుకతో సహా నేలలోకి దిగిపోయి ఉంది. పైకి వేసింది టార్చి. స్లాబు అడుగున, సరిగ్గా బల్ల మీదుగా, తడి గీత ఒకటి ఈ గోడ నుంచి ఆ గోడకు సాగింది.

సిలార్ ముఖంలో రంగు పోయింది.

"అందర్నీ బయటికి పిలవండి," అంది శ్రీరమ్య. "ఇప్పుడే. ఏ వస్తువూ తీయొద్దు. పరిగెత్తొద్దు."

చలమయ్యకు మాత్రం ఆ తడి గీత పగులులా కనిపించలేదు. "పెద్దమనుషుల్ని పిలిచి విస్తళ్ల ముందు కూర్చోబెట్టా. ఇప్పుడు లేవండి అని ఎట్టా అంటానమ్మా? మీకు భయమైతే చూడండి, నేనే పోయి కూర్చుంటా." అన్నంత పనీ చేశాడు. బల్ల చివర కుర్చీలో కూర్చుని చేతులూపాడు. "పడిందా?"

పెద్దమనుషులు నవ్వారు.

"ఆర్డరు రాసి పని ఆపేస్తాను చలమయ్యగారూ."

"రాసుకోండి. సంతకం పెట్టకపోతే మానెయ్యండి. అన్నం తినకుండా మాత్రం మిమ్మల్ని పంపను."

శ్రీరమ్య ఒక్క క్షణం ఆగింది. కాగితానికి ఈ మనిషి లొంగడు. ఆఫీసుకు ఫోను చేసి, పోలీసుల్ని పిలిపించేసరికి భోజనాలు అయిపోతాయి, లేదా స్లాబు పడిపోతుంది. ఇతను దేనికి లొంగుతాడో ఇతనే చెప్పాడు.

గారెల పళ్లెంతో వస్తున్న చలమయ్య భార్య బసవమ్మకు ఎదురెళ్లింది. "అమ్మా, ఆకలేస్తోంది. నాకు విస్తరి బయట వేయండి. అదుగో, ఆ కల్లం అంచున."

"ఎండలోనా తల్లీ?"

"ఎండలోనే."

కట్టడం ఎత్తుకు రెండింతల దూరం చూసుకుని, శ్రీరమ్య మట్టిలో బాసింపట్టు వేసి కూర్చుంది. పక్కనే, జీపు తిప్పి పెట్టి వచ్చిన రంజాన్. ఆమె తలమీద హెల్మెట్, ముందు అరిటాకు. మిరపకాయలు ఏరుతున్న ఆడకూలీలు పని ఆపి చూశారు.

బసవమ్మ అన్నం వడ్డించి వెనక్కి తిరిగింది. "ఏమయ్యో," అని కట్టడం వైపు గట్టిగా పిలిచింది. "ఇంటికొచ్చిన ఆడపిల్ల మట్టిలో కూర్చుంటే నువ్వు ఫ్యాను కింద కూర్చుంటావా? నలుగురూ ఏమనుకుంటారు?"

చలమయ్య గొణుక్కుంటూ లేచాడు. అతను లేచాక మిగతావాళ్లు కూర్చోవడం బాగుండదు. "పదండ్రా, ఇవాళ ఎండ భోజనం," అంటూ ముగ్గురు పెద్దమనుషులు బయటికొచ్చారు. వాళ్లకింకా వడ్డించలేదు.

నాలుగో మనిషికి వడ్డించారు. ఆయన చలమయ్య బాబాయి ఆదెయ్య. షుగరు మనిషి కాబట్టి ముందే పెట్టేశారు. ఆయన తల ఎత్తకుండా తింటున్నాడు.

"బాబాయ్, రా," అని కేకేశాడు చలమయ్య.

"సగం విస్తరి మీద లేవడం మన ఇంట్లో ఉందంట్రా? పెరుగన్నం తిని వస్తా. పెరుగు పంపించు."

పెరుగు గిన్నె తీసుకుని బసవమ్మ కదిలింది. శ్రీరమ్య చెయ్యి అడ్డం పెట్టింది.

అప్పుడు వినిపించింది, ఎండుకొమ్మ విరిచినట్టు ఒక చప్పుడు. స్లాబు అంచు నుంచి సన్నగా ఇసుక రాలింది. సిలార్ పొద్దున్న తీసిన బాదుల్లో ఒకటి భుజానికెత్తుకుని లోపలికి ఉరకబోయాడు.

"ఆగు," అంది శ్రీరమ్య. "నువ్వు వెళితే ఇద్దరవుతారు."

"ఒక్క బాదు తోస్తే ఆగుతుంది మేడమ్."

"తోసిన అదురుకే కూలుతుంది. దించు."

సిలార్ దించాడు. ఆదెయ్య పెరుగు కోసం ఎదురుచూస్తూ విస్తరి అంచు సర్దుకుంటున్నాడు.

పెద్దాయన భయానికి లేవడు. బతిమాలితే అసలే లేవడు. శ్రీరమ్య తన విస్తరి వైపు చూసింది. అన్నంలో పప్పు కలిపి ఉంది. తన ఇంట్లోనూ ఇదే పట్టింపు. ముద్ద కలిపాక ఆడపిల్ల లేచిపోతే ఆ ఇంటికి మంచిది కాదంటారు. తెలిసే ఆకు మడిచింది. లేచింది.

"రంజాన్, జీపు తియ్యి. వెళ్లిపోదాం."

బసవమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అన్నంలో చెయ్యిపెట్టి లేస్తావా తల్లీ?"

లోపలి నుంచి ఆదెయ్య గొంతు. "ఏమైందిరా? ఎవరు లేచింది?"

"ఇంజనీరమ్మ," అన్నాడు చలమయ్య. "నువ్వు రావట్లేదని."

ఆదెయ్య తన విస్తరిని చూశాడు, బయట నిలబడ్డ పిల్లను చూశాడు. ఆకు మడిచాడు. చేతికర్ర అందుకున్నాడు. "ఆగమ్మాయ్. వస్తున్నా."

"గోడ పక్క నుంచి రండి తాతగారూ. మెల్లగా. బాదుల్ని పట్టుకోవద్దు."

ముసలాయనకు నడకలో దొరికినదల్లా పట్టుకునే అలవాటు. మొదటి బాదు దగ్గరే చెయ్యి చాపాడు.

"పట్టుకోవద్దన్నానా," అంది శ్రీరమ్య, చిన్నపిల్లాణ్ని గద్దించినట్టు. ఆ చెయ్యి గాల్లో ఆగి వెనక్కి వెళ్లింది. ఒక్కొక్క అడుగే. గోడ దాటాడు, నీడ దాటాడు, ఎండలోకి వచ్చాడు. ఆమె ఎదురెళ్లలేదు. తన దగ్గరికి వచ్చేదాకా నిలబడే ఉంది.

"ముసలాణ్ని విస్తరి మీంచి లేపావు. సంతోషమా?"

"ఇక్కడ నిలబడి ఎంతసేపైనా తిట్టండి తాతగారూ."

"ఆకలితో తిట్టను. కూర్చో."

బసవమ్మ అందరికీ కొత్త ఆకులు వేసింది. ఆదెయ్య శ్రీరమ్య పక్కనే కూర్చున్నాడు. అందరూ తిన్నారు. స్లాబు ఉన్నచోటే ఉంది.

"పడలేదుగా?" అన్నాడు చలమయ్య చెయ్యి కడుక్కుంటూ. "ఊరికే ఎండలో మాడాం. ఆ ఫ్యానన్నా తెస్తా ఉండండి. కొత్తది."

"చలమయ్యగారూ, కూర్చోండి."

"చిటికెలో వస్తానమ్మా." అతను నడక మొదలుపెట్టాడు.

ఆదెయ్య చేతికర్ర అడ్డంగా చాపాడు. అది కాళ్లకు తగిలి చలమయ్య మిరపకాయల మీద బోర్లా పడ్డాడు. "ఏంటి బాబాయ్," అంటూ తల ఎత్తాడు.

నాలుగైదు బాదులు ఒకేసారి పెళపెళమన్నాయి. మధ్యలో స్లాబు నడుం విరిగినట్టు వంగింది. మడుల నీళ్లు, ఇటుకలు, కాంక్రీటు అన్నీ కలిసి ఒక్క పెట్టున బల్ల మీదికి దిగాయి. నేల అదిరింది. సిమెంటు దుమ్ము, మిరప ఘాటు కలిసి కల్లమంతా కమ్మేశాయి. తుమ్ముల మధ్య ఎవరో ఏడుస్తున్నారు.

"ఎవరూ దగ్గరికి వెళ్లొద్దు," శ్రీరమ్య గొంతు దుమ్ములోంచే వినిపించింది. "పక్కగది స్లాబు ఆ గోడనే పట్టుకుని ఉంది. అదీ రావచ్చు. రంజాన్, స్తంభం దగ్గర కరెంటు తీయించు. సిలార్, నీ కూలీల్ని పేరు పేరునా పిలువు. బసవమ్మగారూ, మీ వంటవాళ్లని చూడండి."

పేర్లు పలికాయి. ఒక్కటీ తప్పిపోలేదు.

చలమయ్య ఇంకా మిరపకాయల్లోనే కూర్చుని ఉన్నాడు. బల్ల ఉండాల్సిన చోటు వైపే చూస్తున్నాడు. చాలాసేపటికి లేచి, చొక్కాకి అంటిన గింజలు దులుపుకోకుండానే ఆమె దగ్గరికొచ్చాడు.

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ముందు పక్క స్లాబు మీదికి నీళ్ల పైపు ఆపించండి. చుట్టూ తాడు కట్టించండి. మందపాటి చెక్కలు తెప్పించండి, బాదుల కింద పరవాలి. గట్టిగా ఉన్న వైపు నుంచి ఒక్కొక్క బాదే లోపలికి వెళ్తుంది. నేను చెప్పాకే."

"మరి మీరు?"

"ఆ గది నిలబడేదాకా ఇక్కడే ఉంటాను."

"అయితే సాయంత్రానికీ ఇక్కడే వండు బసవమ్మా," అన్నాడు ఆదెయ్య.

చలమయ్య ఎండలోకి చూశాడు, హెల్మెట్ కింద చెమట కారుతున్న ఆమె ముఖం వైపు చూశాడు. "నీడకి షామియానా తెప్పిస్తానమ్మా," అన్నాడు. "గుంజలెక్కడ పాతాలో మాత్రం మీరే చూపించండి."