మూలకు చేరిన కోళ్ళు

కోళ్ళక్క అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. భర్త పోయాక గుడ్లకోళ్ళ షెడ్డే లోకంగా బతుకుతున్న మనిషి. తలుపు తీసేముందు రెండుసార్లు తట్టి, "నేనేనమ్మా" అని మెల్లగా చెప్పి గాని లోపలికి అడుగు పెట్టేది కాదు. గిన్నె జారిపడ్డా హడలిపోయే ప్రాణాలవి.

"నన్నెప్పుడైనా ఇంత ముద్దుగా పిలిచావా అక్కా?" అని తమ్ముడు ఉడికించేవాడు.

"నువ్వూ రోజుకో గుడ్డు పెట్టరా, అలాగే పిలుస్తాను."

తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. ఇప్పుడు లారీ డ్రైవరు. ఆ ఏడు డ్రైవర్ల సంఘానికి అధ్యక్షుడిగా గెలిచాడు. కబురు ముందు అక్కకే చెప్పాలని, పొద్దువాలే వేళకు తోటివాళ్ళను వెంటేసుకుని షెడ్డు ముందు లారీ ఆపాడు. మెడలో దండ, ఒంటిమీద కొత్త తెల్లచొక్కా, మొహం చేటంత.

"గెలిచానక్కా!"

ఆమె తడిచేతులతోనే వాడి బుగ్గలు పట్టుకుంది.

ఇంతలో ఎవరో లారీలోంచి టపాకాయల పెట్టె దించారు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇక్కడొద్దు నాయనా, కోళ్ళు బెదురుతాయి."

"ఒక్కటంటే ఒక్కటక్కా!" తమ్ముడు ఆమె గడ్డం పట్టుకున్నాడు. "నీ గుమ్మం ముందు మోగకపోతే నేను గెలిచినట్టే ఉండదు."

ఆ మొహం చూసి కాదనలేకపోయింది. "సరే, చిన్నది. అదీ రోడ్డవతల."

రోడ్డవతలే పెట్టారు. చిన్నది మాత్రం కాదు. ఒకడు పొడుగాటి సరం అంటించాడు. ఇంకొకడు సంబరం పట్టలేక వరసగా జువ్వలు వదిలాడు. ఒకటి వచ్చి షెడ్డు రేకుల మీదే పేలింది. లోపల రెక్కల చప్పుడు జడివానలా లేచింది.

"ఆపండ్రా!" అని అరిచింది. ఆ మోతలో ఆమె గొంతు ఎవరికి వినబడుతుంది? తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తింది.

లోపలంతా పొగ. కోళ్ళన్నీ ఒకే మూలకు చేరి, ఒకదాని మీద ఒకటి ఎక్కి నడుమెత్తు గుట్టయ్యాయి. పైవి కొట్టుకుంటున్నాయి. కిందవాటికి ఊపిరాడడం లేదు. ఆమె రెండు చేతులా తీసి వెనక్కి వేస్తోంది. బయట మరొకటి పేలగానే, తీసి వేసినవన్నీ మళ్ళీ ఆ గుట్ట మీదికే ఎగిరాయి.

వెనకే వచ్చిన తమ్ముడు అది చూసి కొయ్యబారిపోయాడు. మరుక్షణం బయటికి పరుగెత్తి వాళ్ళను ఆపాడు. తిరిగొచ్చి మోకాళ్ళ మీద కూలబడి తనూ తీయసాగాడు. అడుగున ఉన్నవాటికి ఒంటి మీద చిన్న గాటు లేదు. వెచ్చగానే ఉన్నాయి. మెడలే వాలిపోయాయి.

వాడు ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని ముక్కు దగ్గర నీళ్ళు చిలకరించాడు. "ఇది లేస్తుందక్కా, చూడు."

"లేవదురా."

తెల్లవారాక అక్కాతమ్ముళ్ళిద్దరూ షెడ్డు వెనక గొయ్యి తవ్వారు. పోయినవి సగానికి పైనే. రాత్రి కాలిన కాగితం ముక్కలు నీళ్ళతొట్టిలో తేలుతున్నాయి. పక్కచెట్టు మీది కొంగలు కూడా లేవు. గూళ్ళలోంచి జారిన పిల్లలు రెండు కింద పడి ఉంటే, ఆమె వాటినీ తెచ్చి అదే గోతిలో పెట్టింది.

"నన్ను రెండు తిట్టక్కా."

"సరేనన్నది నేనేగా. ఎవర్ని తిట్టను?"

వాడు పార వదిలేసి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె కళ్ళు మాత్రం తడవలేదు.

మిగిలినవి గుడ్లు పెట్టడం మానేశాయి. రోడ్డు మీద హారన్ మోగితే చాలు, ఒకదాన్ని చూసి ఒకటి ఆ మూలకే పరుగు. ప్రతిసారీ ఆమె వెళ్ళి వాటిని విడదీసేది. చివరకు, రోడ్డుకు దూరంగా పొలాల్లో కోళ్ళు పెంచే ఒకామెకు వాటిని ఇచ్చేయడానికి ఒప్పుకుంది.

తమ్ముడే లారీ తెచ్చాడు. ముందు కూర్చోమంటే ఆమె వినలేదు. వెనక బుట్టల మధ్య చతికిలబడింది. వాడు లారీని మనిషి నడకంత మెల్లగా నడిపాడు. వెనక బండ్లవాళ్ళు విసుక్కుని హారన్ కొడితే, లారీ ఆపి, కిందికి దిగి, ఒక్కొక్కరికీ చేతులు జోడించాడు.

వెనక అక్క ఒక బుట్ట మీద చెయ్యి వేసి కూర్చుని, అప్పుడు ఏడ్చింది.